చిన్నపోలయ్య వీధి

మురుగుకాలవ కట్ట తెగిపోయిన సంగతి పేరమ్మకు మోకాళ్లలోతు నీళ్లలో దిగాక గానీ తెలియలేదు. నెత్తిన గంప, గంపలో మూడు వందల కవళ్ల చేపలు, వాటి మీద తడిగోతం. మూడు రోజుల ముసురు కాస్త తెరిపి ఇచ్చిందని తెల్లారకముందే వేటకు పోయిన తెప్పలు పొద్దెక్కాక ఒడ్డు చేరాయి. గోతంలోంచి కారే ఉప్పునీళ్లు చెవుల వెనకనుంచి మెడలోకి దిగుతున్నాయి. కాలు చాపి ముందుకు పెట్టి చూసింది. నేల అందలేదు. చటుక్కున వెనక్కి తగ్గింది.

వెనకే వస్తున్న ముసలమ్మ ఆ తగ్గడం చూడలేదు. అరవై దాటిన మనిషి, ఎడమకంట్లో పొర. పక్కకు తప్పుకోబోయి జారి, నడుం విరిగేటట్టు పడింది. ఆమె గంప బోర్లపడి చేపలన్నీ నురగ నీళ్లలో కలిసిపోయాయి. పేరమ్మ తన గంపను గట్టున దించి, పరుగెత్తుకొచ్చి, ముసలమ్మను రెక్క పట్టి పైకి లాగింది. చేతికందిన చేపలు ఏరితే పాతిక తేలాయి.

ముసలమ్మ ఏడవలేదు. కట్టమీద కూలబడి, నడుం పట్టుకుని, తిట్లకు దిగింది. వానను తిట్టింది, కాలవను తిట్టింది, ఊరి పెద్దలనూ వాళ్ల తాతలనూ పేరుపేరునా తిట్టింది. తిట్టడానికి ఆమెకు హక్కుంది. నలభై ఏళ్లుగా ఆ కట్ట మీద నడుస్తున్న మనిషి.

జాలర్లుండే కుప్పానికీ ఇందుకూరుపేట రోడ్డుకూ మధ్య ఊరు అడ్డంగా ఉంది. నడివీధిన పడి పోతే రోడ్డు పది నిమిషాలు. కానీ చేపల గంప నడివీధిన పోకూడదు. వీధిలో గుడి ఉంది, పెద్ద ఇళ్లున్నాయి, నీచువాసన వాళ్లకు పడదు. ఆ ఇళ్లవాళ్లే సాయంత్రం దొడ్డిగుమ్మాల దగ్గర గీచిగీచి బేరమాడి చేపలు కొంటారు. అప్పుడు మాత్రం ఎవరి ముక్కూ అడ్డు చెప్పదు. ఆడవాళ్లు ఊరి చుట్టూ మురుగుకట్ట మీద మైలున్నర తిరిగి రోడ్డెక్కాలి. ఎండాకాలమైతే ఆ తిరుగుడులోనే చేప మెత్తబడిపోతుంది. వంద కవళ్లు రూపాయిన్నరకు పోవలసినవి ముప్పావలాకు అడుగుతారు. ఈ కట్టుబాటు మీరిన ఇంటికి కుప్పం కులపెద్ద, పెద్దకాపు ఆదెయ్య దురాయి వేస్తాడు. దురాయి పడితే ఆ ఇంటి తెప్ప సముద్రంలో దిగకూడదు, ఆ ఇంటి పొయ్యికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు.

ఆ నడివీధికి ఇప్పుడొక పేరుంది. చిన్నపోలయ్య వీధి. చిన్నపోలయ్య పేరమ్మ కొడుకు.

నిరుడు పాకిస్తాను యుద్ధంలో, పంజాబు సరిహద్దున, ఇరవై రెండేళ్ల వాడు చచ్చిపోయాడు. తంతి వచ్చింది. శవం రాలేదు. రెండు నెలలకు ఒక రేకుపెట్టె వచ్చింది. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మిషను బడి టీచరమ్మ ఎలిశబెతు రాసిపెట్టిన ఉత్తరాలు. అవి పేరమ్మ చెప్పి రాయించినవే. వాడు వాటిని ఒక్కటీ పారేయకుండా దాచుకున్నాడు. పేరమ్మ ఆ పెట్టె మీద తల ఆనించి మూడు రోజులు లేవలేదు. నాలుగోనాడు లేచి గంప ఎత్తుకుంది, ఎత్తుకోకపోతే తిండి లేదు గనుక.

మొన్న ఆగస్టు పదిహేనున నడివీధి మొదట్లో నల్లరాయి నిలబెట్టారు. ఆనాడు పేరమ్మకు కొత్త కోక పెట్టారు, కుర్చీ వేశారు, మెళ్లో బంతిపూల దండ వేశారు. పంచాయతీ ప్రెసిడెంటు కామాక్షయ్యగారు మైకు ముందు నిలబడి, చిన్నపోలయ్య ఊరందరి బిడ్డ అనీ, ఈ వీధి ఇకనుంచి అతనిదే అనీ, అతని తల్లి మనందరికీ తల్లి అనీ అన్నాడు. చప్పట్లు మోగాయి. పేరమ్మ ఏడ్చింది. అన్నన్ని చెప్పాక, వీధి కొడుకుదయ్యాక, ఆ మాటలన్నీ నిజమే అనుకుంది పిచ్చితల్లి. మర్నాడు పొద్దున్నే గంపతో ఆ వీధి మొదటికి వచ్చింది.

ప్రెసిడెంటుగారి మనిషి ముత్యాలయ్య కర్ర అడ్డం పెట్టాడు. కసిరిందీ లేదు, తిట్టిందీ లేదు. నవ్వుతూనే చెప్పాడు.

"నిన్న వచ్చింది జవాను తల్లి. ఇయ్యాల వచ్చింది చేపల గంప. ఎనక్కి పోమ్మా."

పేరమ్మ వెనక్కి పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే తన వెర్రితనమే బయటపడుతుందని సిగ్గు. మూడు నెలలుగా కట్టమీద నుంచే, ఇళ్ల సందుల్లోంచి ఆ నల్లరాయి కనపడిన చోట ఒకసారి తల తిప్పి చూసి పోతూ ఉంది.

ఇప్పుడా కట్టే తెగింది. ముసలమ్మ తిట్లు తిట్టి తిట్టి అలిసిపోయి, ఇంక పోదాంలే, ఇయ్యాల్టికి పస్తులే అంది. పేరమ్మకు కొడుకు చివరి ఉత్తరం గుర్తొచ్చింది. ఎలిశబెతు టీచరమ్మ దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. అక్కడి పల్లెలో ఒక ముసలామె కందకం దాకా నడిచొచ్చి తమకు రొట్టెలు పెట్టిందనీ, నువ్వెవరి బిడ్డవని అడగలేదనీ రాశాడు. కింద ఇంకో మాట రాశాడు. "అమ్మా, లీవు దొరికితే వస్తా. డ్రస్సు తీయకుండానే నీ గంప నా నెత్తిన పెట్టుకోని నడివీధిలో పోతా. నువ్వు నా ముందు నడువు. ఎవురు ఆపుతారో చూద్దాం."

వాడికి లీవు దొరకలేదు. ఇంక దొరకదు. మూడు నెలల సిగ్గు పేరమ్మ గుండెల్లో ఒక్కసారిగా మండింది. తప్పు చేసింది తానా? మైకులో చెప్పిన మాట నమ్మడం తప్పా, చెప్పి ఊరుకోవడం తప్పా?

తన గంపలోంచి సగం చేపలు తీసి ముసలమ్మ గంపలో వేసింది.

"లెయ్యత్తా. నడివీధిన పోదాం."

ముసలమ్మ నోరు తెరిచింది. దురాయి అంది. తన కొడుకుకు తెప్ప ఉందంది, తెప్ప ఆగితే ఇంట్లో ఆరుగురు ఎండిపోతారంది. అన్నీ నిజాలే. పేరమ్మ ఆమెను రమ్మని మళ్లీ అడగలేదు. చుట్టకుదురు సర్దుకుని, గంప ఎత్తుకుని, ఊరివైపు తిరిగింది.

ఆవేళ కార్తీక సోమవారం. గుడి ముందు దీపాలు పెట్టే ఆడవాళ్లున్నారు. ప్రెసిడెంటుగారి అరుగు నల్లరాయికి ఎదురుగానే ఉంటుంది. కామాక్షయ్యగారు పడక్కుర్చీలో ఉన్నాడు. పెద్దకాపు ఆదెయ్య అరుగు కింద చేతులు కట్టుకుని, కాలవకట్ట తెగింది సామీ, ఆడోళ్లకు దావ లేదు అని అప్పుడే విన్నవించుకుంటున్నాడు. చూద్దాంలే, నీళ్లు తగ్గనీ అన్నాడాయన. ఆ మాట పూర్తవుతుండగా గంప వీధిలోకి వచ్చింది.

ముత్యాలయ్య కర్ర లేచింది. పేరమ్మ కర్ర తగిలే దాకా నడిచి ఆగింది. గంపనీళ్లు ఆ కర్ర మీదా, ముత్యాలయ్య చేతి మీదా పడుతున్నాయి.

కామాక్షయ్యగారు లేచి అరుగు అంచుకు వచ్చాడు. కోపం చూపించే మనిషి కాడాయన. పంచాయతీ తరఫున ఆమెకు జరిగిన మర్యాద ఈ జిల్లాలో ఏ తల్లికీ జరగలేదని గుర్తుచేశాడు. చనిపోయిన బిడ్డ పరువు తల్లే తీయకూడదన్నాడు. "గంప ఆడ దించేసి రామ్మా. కుర్చీ వేయిస్తా, కూచో. మాట్లాడుకుందాం."

"కుర్చీ వద్దు సామీ. దావ ఇయ్యండి."

ఆదెయ్య కట్టుకున్న చేతులు విప్పి ముందుకొచ్చాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా పేరా? దురాయి ఏసేస్తా, చూసుకో."

పేరమ్మ గంప దించకుండానే అతనివైపు తిరిగింది.

"ఏం ఆపతావు మామా? నా ఇంట్లో తెప్ప ఉండాదా? తెప్ప ఎక్కేవోడు ఉండాడా?"

ఆదెయ్య తలవంచుకున్నాడు. పేరమ్మ మళ్లీ అరుగువైపు చూసింది.

"వాడు ఈ గంప మీద పెరిగినోడు సామీ. వాడు తిన్న కూడు, చదువుకున్న పలక, పటాలానికి పోయేనాడు రైలు టిక్కెట్టు, అన్నీ ఈ నీచులోంచి వచ్చినయ్యే. గంప పనికిరాదంటే వాడి పేరు గూడా ఈ వీధికి పనికిరాదు. ఆ రాయి పెరికించండి. నెత్తిన ఎత్తితే నేనే మోసుకోని మా కుప్పానికి పోతా."

గుడి ముందు ఆడవాళ్లు దీపాలు వదిలేసి చూస్తున్నారు. కామాక్షయ్యగారు నల్లరాయివైపు చూసి, గంపవైపు చూశాడు. రాయి పెరికించాడన్న మాట నెల్లూరు దాకా పోతుంది. గంపను పోనిచ్చాడన్న మాట ఊళ్లో ఉండిపోతుంది. ఆయనకు రెండూ వద్దు. ముత్యాలయ్య కర్ర దించమంటారా అన్నట్టు యజమాని ముఖంలోకి చూశాడు. కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

"దావ ఇయ్యరా? మంచిది," అంది పేరమ్మ.

రెండడుగులు పక్కకు వేసింది. నల్లరాయి కింద సిమెంటు తిన్నె ఉంది. ఆగస్టు పదిహేనున పూలు పోసిన తిన్నె. గంప దాని మీద దించింది. గోతం తీసి, పిండి, పక్కన పరిచింది. కవళ్లను యాభైలుగా కుప్పలు పోయసాగింది. చేప గట్టిగా ఉంది. వేలితో నొక్కితే గుంట పడటం లేదు. మైలున్నర తిరగని చేపను ఆ ఊరు వీధిమొగాన చూడటం అదే మొదటిసారి.

కట్టవైపు నుంచి అడుగుల చప్పుడైంది. కుంటుకుంటూ, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో నెత్తిమీది గంప పట్టుకుని ముసలమ్మ వస్తూంది. ఆమెకు తెప్ప ఉంది, తెప్ప ఎక్కే కొడుకు ఉన్నాడు, ఇంట్లో ఆరుగురున్నారు. ఆదెయ్య ఆమెనే చూస్తున్నాడు. ముసలమ్మ అతన్ని చూడలేదు. వచ్చి పేరమ్మ పక్కన తిన్నె మీద గంప దించుకుని, హమ్మయ్య అని కూర్చుంది.

పేరమ్మ ముప్పై ఏళ్లుగా సందుల్లోనూ దొడ్డిగుమ్మాల దగ్గరా అణిచి పలికిన కేక గొంతు నిండా తెచ్చుకుంది.

"కవళ్లో... కవళ్లు. వంద రూపాయిన్నర."

కేక నడివీధి పొడుగునా పోయింది. ఎవరూ కదల్లేదు. నాలుగిళ్ల అవతల ఒక వీధితలుపు గొళ్లెం తీసిన చప్పుడు మాత్రం వినిపించింది.