అతుకులో లేచిన ముల్లు

మరదలు వెల్డింగు చేస్తే, ఆ రెండు ఇనుప పలకలకూ ఏ కోర్టుకెక్కినా విడాకులు దొరకవని షెడ్డులో చెప్పుకునేవారు. అంతటి మనిషికీ ఆ ఉదయం అరచేతులు చెమర్చాయి. బల్ల మీది పరీక్ష ముక్క నెగ్గితే బాయిలరు పని ఆవిడది. పోతే మళ్లీ గేట్లూ, కిటికీ ఊచలే.

పరీక్షించేవాడు స్వయానా ఆవిడ అక్క మొగుడు. చుట్టరికం చూసి వదిలేస్తాడేమోనని ఫోర్‌మన్ పక్కనే కొంగలా మెడ సాచి నిలబడ్డాడు.

బావ పలకకు జెల్లు పులిమి, అగ్గిపెట్టెంత ప్రోబును అతుకు పక్కన అటూ ఇటూ జరిపాడు. అది పంపే శబ్దం చెవికి అందదు. ఇనుములోకి దూరిపోతుంది; లోపల పగులో బొక్కో తగిలితే తిరిగొచ్చి యంత్రం తెర మీద ముల్లులా లేస్తుంది. చాలాసేపు తెర బుద్ధిగా పడుకుంది. ఆ తర్వాత ఠక్కున ముల్లు లేచింది.

మరదలు ఒక్క అంగలో తెర దగ్గరికొచ్చింది.

"ఇంకేం, పోయినట్టే," అన్నాడు ఫోర్‌మన్.

"ఆగండి సార్. ఏం మరదలా, అతుకు మీద పైవరస ఇంత గుట్టలా పోశావేం? కొత్తల్లుడికి వడ్డించావా?"

"గట్టిగా ఉంటుందని కాస్త ఎక్కువేశాను. నవ్వకు బావా, ఇక్కడ నా ప్రాణం పోతోంది!"

"పోనిస్తే మీ అక్క నన్ను గడప తొక్కనిస్తుందా?"

బావ జెల్లు అద్దిన వేలితో ఆ గుట్టను నొక్కాడు. ముల్లు కుంగింది. వేలు తీశాడు. లేచింది. ఫోర్‌మన్ నమ్మక తన వేలూ పెట్టి చూశాడు. దానికీ కుంగింది.

"లోపలి పగులైతే పైనున్న వేలికి జడుస్తుందా సార్? శబ్దం ఈ గుట్టకు తగిలి తిరిగొస్తోంది. చదును చేయిద్దాం."

"అప్పుడూ లేస్తే?"

"ఫెయిలని నేనే రాస్తాను." ఆ మాట మరదలి ముఖం చూడకుండా అన్నాడు.

ఆవిడ గ్రైండరు అందుకుంది. నిప్పురవ్వలు షెడ్డు కప్పుకు చుక్కలు పొదిగాయి. గుట్ట కరిగి అతుకు పలకతో సమమైంది. బావ మళ్లీ జెల్లు పూశాడు. తెర ఈ కొస నుంచి ఆ కొసకు చదును. ఫోర్‌మన్ అవతలి వైపు నుంచి కూడా చూపించమన్నాడు. అక్కడా అంతే.

"సోమవారం బాయిలరు దగ్గరికి రామ్మా," అన్నాడు ఫోర్‌మన్.

మరదలు అప్పటికే వెల్డింగు ముసుగు చంకన పెట్టుకుంది.

"సోమవారం దాకా దేనికి సార్? మధ్యాహ్నం నేను ఖాళీయేగా!"