ప్రశాంత్ మరిచిపోయిన పెళ్ళిచూపులు

ఆత్మకూరులో పిల్లను చూసి బండి మీద ఉదయగిరికి తిరిగొస్తూ, అడ్డమొచ్చిన గొర్రెలను తప్పించబోయి మా ప్రశాంత్ పడ్డాడు. వెనక బస్సులో వస్తున్న మేము ఆస్పత్రికి చేరేసరికి తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు.

"ఏందమ్మా, పెళ్ళిచూపులకు ఇంకా బయల్దేరలేదా?" అన్నాడు.

పరుగున పోయి డాక్టరును పట్టుకున్నాను. స్కానింగులో ఏమీ లేదనీ, తలకు దెబ్బ తగిలితే అంతకుముందు కొన్ని గంటలు గుర్తు లేకపోవడం మామూలేననీ, అవి తిరిగి రాకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్తాడు. ఇవాళ పొద్దుట సంగతి పోయింది, రేపు నేనెవరో పోతే? ఇంటికొచ్చాక వాడి నక్షత్రం, మేనత్త పేరు, మా బర్రె ఈనిన నెల, అన్నీ అడిగాను. బర్రె సంగతి తప్పు చెప్పాడు. అది వాడికి ముందు కూడా తెలియదని మా ఆయన ఎంత చెప్పినా నా ఏడుపు ఆగలేదు.

అసలు భయం వేరే. ఆ రోజు పిల్లా వాడూ పెరట్లో మాట్లాడుకున్నారు. నచ్చిందని వాడే చెబితే మాటిచ్చి వచ్చాం. ఇప్పుడు పిల్ల ముఖమే గుర్తు లేదంటాడు. తలలో తేడా ఉందని తెలిస్తే ఎవరైనా పిల్లనిస్తారా? పిల్ల ముఖం ఇంకోసారి చూపిద్దామని, పెళ్ళి జాకెట్ల కొలతల వంక పెట్టి, కట్టు కనబడకుండా టోపీ తగిలించి వాణ్ణి మళ్ళీ తీసుకుపోయాను. నోరు తెరవకుండా నవ్వుతూ కూర్చోమని దారంతా నూరిపోశాను.

పెళ్ళికూతురు నిరోష టీ తెచ్చింది. వీడు నవ్వుతూనే, ఏం చేస్తుంటారని అడిగాడు. తొడ గిల్లాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ పిల్ల టోపీని చూసింది, నన్ను చూసింది.

"ఆ రోజే చెప్పినా గదా. నా టైలరింగ్ షాపు మూయాల్సిన పని లేదు, ఆత్మకూరులోనే కాపురం పెడదామని మీరే అన్నారు. గుర్తుండాదా?"

టీ గ్లాసు కింద పెట్టేశాను. అనలేదని చెప్పాలంటే వాడికి గుర్తుండాలి. గుర్తు లేదని నేను చెప్పనివ్వను.

"గుర్తుండాది," అన్నాడు వాడు.

"మీకు చెప్పలేదా అత్తా?"

"చెప్పినాడు లేమ్మా," అన్నాను. ఇంకేం చేసేది?

తిరుగు బస్సులో, నిజంగా ఆ మాట అన్నావా అని అడిగాను.

"ఏమోమ్మా. ఆ పిల్లను చూస్తా ఉంటే అనే ఉంటాననిపించింది."

తల బాగానే ఉందని తేలిపోయింది. ఇక ఆ ఆత్మకూరు బస్టాండు ముందు వాడు రోజూ రోడ్డెట్లా దాటుతాడన్నదే నా దిగులు.