రేసు బండికి మూతి

పటాన్‌చెరు దాటాక ఉన్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడాది పిల్లలు సొంతంగా ఒక చిన్న రేసు బండి తయారుచేస్తున్నారు. ఇంజిను బిగించారు. చక్రాలు తిరుగుతున్నాయి. బండి ముందు భాగాన్ని కప్పే మూతి ఒక్కటే మిగిలింది. దాన్ని అల్యూమినియం రేకుతో, చేత్తో కొట్టి తీయాలి. ఎడమ సగం శ్రావ్య, కుడి సగం సత్యశ్రీ తీసుకున్నారు.

శ్రావ్యది కర్దనూర్, రైతుల ఇల్లు. ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తి ఎత్తిందంటే షెడ్డు దద్దరిల్లేది. సత్యశ్రీ భానూర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగింది. దెబ్బ దెబ్బకీ ఆగి, అరచేత్తో నిమిరి చూసుకునేది.

శుక్రవారం రెండు సగాలూ పక్కపక్కన పెట్టారు. శ్రావ్యది బూరెలా ఉబ్బింది, ఒళ్లంతా సొట్టలు. సత్యశ్రీది నున్నగా ఉంది, కానీ పళ్లెమంత లోతైనా రాలేదు.

"ఏందే ఇది? బండికి ఒక దిక్కు పన్నునొప్పి లేసినట్టుంది" అన్నాడు ఇంజిను బిగించిన నవీన్. అందరూ నవ్వారు, వాళ్లిద్దరూ తప్ప.

"నువ్వు జెర గట్టిగ కొడితే ఏం పోతుండె?" అంది శ్రావ్య.

"నువ్వు కాస్త చూసి కొడితే ఏం పోయేదో!"

చివరికి శ్రావ్యే తన సొట్టల రేకు తెచ్చి స్నేహితురాలి ముందు పెట్టింది. "నున్నగ చేసుడు నాతోని కాదే. ఇది నువ్వు చెయ్యి. నీది నేను కొట్టి లేపుత."

సత్యశ్రీ మొహం విప్పారింది.

"ఆగండమ్మా" అన్నారు వర్క్‌షాపు చూసే వీర్రాజు సారు. "దెబ్బలకి రేకు బిగుసుకుపోయింది. ఇప్పుడు కొడితే పగులుద్ది. ముందు కాచండి."

రేకుకు సబ్బు రుద్ది, వెనక నుంచి మంట చూపించారు. సబ్బు నల్లబడితే కాక చాలినట్టు; వెంటనే మంట తీసేశారు. చల్లారాక చూస్తే రేకు మెత్తబడి మాట వింటోంది.

శ్రావ్య సుత్తి ఎత్తి, దించేసింది. "నాదైతే ఎట్లనన్న కొడుతుంటి. ఇది నీదాయె. భయమైతుంది."

"కొట్టవే, నేనున్నాగా!"

మొదటి దెబ్బ భయంగా పడింది. తర్వాత లయ కుదిరింది. పక్కనే సత్యశ్రీ గుండ్రటి ఇనప దిమ్మ మీద సొట్టల రేకును ఆనించి టకటకా కొడుతోంది. ఎప్పుడు మొదలైందో గానీ, ఇద్దరి సుత్తులూ ఒకే తాళంలో పడ్డాయి. నవీన్ బల్ల మీద దరువేశాడు. సారు వేళ్లు కూడా ఆగలేదు.

సాయంత్రానికి, మూతి ఒంపుకు కత్తిరించి పెట్టుకున్న అట్ట కొలత రెండింటికీ అతికినట్టు సరిపోయింది. రివెట్లు కొట్టి మూతి బిగించి, బండిని బయటికి తోశారు.

"నువ్ కూసో" అంది శ్రావ్య.

"నువ్వే కూర్చో."

"నా రేకు నున్నగ చేసినవు. కూసోమన్న గద!"

సత్యశ్రీ కూర్చుంది. ఇంజిను దగ్గి, పట్టుకుంది. బండి షెడ్డు చుట్టూ ఉరికింది. వెనకాల శ్రావ్య చున్నీ నడుముకు చుట్టుకుని పరుగెత్తుతూ, "బ్రేకు కొట్టవే! ఇగ నాకియ్యి!" అని అరుస్తోంది.

సత్యశ్రీ పకపకా నవ్వుతూ ఇంకో చుట్టు తిరిగింది.