ఒక్క షాటు

ఐస్ హాకీలో గోలీని, అంటే వల కాచేవాణ్ణి, కట్టుకున్నదానికి ఆట చూసే భాగ్యం ఉండదు. మిగతా ఆటగాళ్ల పెళ్లాలు బీరు తాగుతూ, కబుర్లాడుకుంటూ, గుర్తొచ్చినప్పుడు చప్పట్లు కొడుతుంటారు. నేను మాత్రం పక్, అదే ఆ నల్ల రబ్బరు బిళ్ల, మా ఆయన వైపు వచ్చిన ప్రతిసారీ సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంటాను. దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు.

మా ఆయన పేరు డార్సీ వోరోబెట్స్. మీరు విని ఉండరు, వినడానికి కారణమూ లేదు. పెళ్లయినప్పటి నుంచీ చిన్న లీగుల్లో ఊళ్లు పట్టుకు తిరుగుతూనే ఉన్నాడు. ఒక టీము దివాలా తీసింది. ఇంకో టీము ఊరు మార్చేసింది. మరో టీమయితే బస్సు సగం దారిలో ఉండగా ఇతన్ని వేరేవాళ్లకు ఇచ్చేసింది. మా మంచి మనిషి మారు మాట్లాడకుండా పెట్రోలు బంకు దగ్గర దిగి, కాళ్ల ప్యాడ్లు భుజాన వేసుకుని వాళ్ల దగ్గరికి పోయాడు. ఎవరేం చెప్పినా సరేననే ఆ గుణం మీద నాకు ఎప్పుడూ మంటే.

పెద్ద లీగు నుంచి మాత్రం పిలుపు రాలేదు. ఈ చలికాలం డార్సీ తుంటి పూర్తిగా అరిగిపోయింది. వేసవిలో మార్చక తప్పదని, ఆ తర్వాత ఆట మాటే ఎత్తొద్దని డాక్టరు చెప్పేశాడు.

అలాంటి ఫిబ్రవరిలో ఒక రోజు, నేను స్కూలు బస్సు షెడ్డులో పెట్టి దిగుతుంటే ఫోను చేశాడు.

"కొరీన్, పిలిచారే!"

"ఎవరు?"

"ఎవరేంటి, పైవాళ్లు! రాత్రి ఆటకి. వాళ్ల రెండో గోలీకి కడుపు పాడయిందట."

"ఏం తిన్నాడో కనుక్కో. ఆ వంటవాడి కాళ్లకి దండం పెడతా."

నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆడేది వాళ్ల మొదటి గోలీ యూసోనేలే. నేను ఊరికే బెంచీ మీద కూర్చోవాలి. కానీ ఏమో, చెప్పలేం కదా. ఒక్క షాటు ఆపితే చాలే నాకు. ఒక్కటి. ఇంకేం అడగను."

"ఆపుతావులే. ముందు తుంటికి ఐసు పెట్టుకో."

మధ్యాహ్నం ట్రిప్పు ఇంకొకామెకు అప్పజెప్పి, ఎగిరే మంచులో కారు నడుపుకుంటూ ఆ నగరం చేరాను. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకునే వేళకు సీట్లో పడ్డాను. కొత్తగా వచ్చినవాణ్ణి మొదట ఒంటరిగా మంచు మీదికి తోసి, మిగతావాళ్లు గేటు దగ్గరే ఆగిపోవడం ఇక్కడి ఆచారం. అదెప్పుడూ పందొమ్మిదేళ్ల కుర్రాళ్లకు చేస్తారు. ఆ రోజు నెరిసిన గడ్డంతో మా ఆయన ఒక్కడే చుట్టూ తిరిగాడు. "పడిపోకు తాతోయ్, పట్టుకునేవాళ్లెవరూ లేరు!" అని గేటు దగ్గర పిల్లలంతా ఒకటే గోల. డార్సీ సిగ్గుపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆట చివరికొచ్చేసరికి మనవాళ్లు ఒక గోలు వెనకబడి ఉన్నారు. అవతలి టీము ఆటగాడొకడు దూసుకొచ్చి యూసోను గుద్దాడు. యూసో తల వెళ్లి వల కమ్మీకి తగిలింది. వాడు లేచి నిలబడి బాగానే ఉన్నానన్నాడు కానీ, తల దెబ్బంటే డాక్టరు చూసేదాకా ఎవర్నీ ఆడనివ్వరు. వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. కోచ్ ఫ్లానిగన్ బెంచీ చివరికి వేలు చూపించాడు.

"ఈ ముసలాడెవడు?" అన్నాడు నా పక్క సీటాయన, పాప్‌కార్న్ నములుతూ.

"నా మొగుడు."

"అయ్యో, సారీ అక్కా. మంచి దిట్టంగా ఉన్నాడులే."

డార్సీ వల ముందుకొచ్చి, స్కేట్లతో మంచును అటూ ఇటూ గీరి గరుకు చేసుకున్నాడు. ఆట మొదలైంది. అవతలి కొసన ఇద్దరు ఒకరినొకరు గుద్దుకోవడంతో అంచున ఉన్న అద్దం పలక భళ్లున పగిలింది. ఆట ఆపారు. పనివాళ్లు నిచ్చెనలతో వచ్చారు. పలక తీయడం, ముక్కలు ఊడవడం, కొత్తది పట్టకపోతే మళ్లీ దించడం. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన చోట మా ఆయన నిలబడి మంచు గీరుతూనే ఉన్నాడు.

తర్వాత జరిగేదేమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు. ఒక గోలు వెనకబడి, సమయం అయిపోతుంటే, కోచ్ గోలీని బయటికి పిలుస్తాడు. అతని బదులు గోలు కొట్టేవాణ్ణి ఒకణ్ణి ఎక్కువగా దింపుతాడు. వల ఖాళీగా వదిలేస్తారు. ఆ పిలుపు వచ్చేలోగా అవతలివాళ్లు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఇటు కొట్టాలి. మనవాళ్లు గెలవాలని వచ్చిన అంతమందిలో నేనొక్కదాన్నే అవతలివాళ్ల కోసం మొక్కుకున్నాను.

ఆట మళ్లీ మొదలైంది. మధ్యలో అవతలివాడికి పక్ దొరికింది. కర్ర ఎత్తాడు. డార్సీ మోకాళ్లు వంచి, ఎడమచేతి గ్లవ్ తెరిచి సిద్ధమయ్యాడు. సీటు అంచు నా చేతిలో ఉంది. వెనకనుంచి మన పిల్లాడొకడు వచ్చి ఆ కర్ర కింద నుంచి పక్ లాగేసుకున్నాడు. హాలంతా అరుపులు.

ఫ్లానిగన్ చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

చూడకు, అనుకున్నాను. బెంచీ వైపు చూడకు డార్సీ. జన్మలో ఒక్కసారి చెప్పిన మాట వినకు.

"రావయ్యా బాబూ, బయటికి రా!" అని పక్కాయన లేచి కేకలు పెట్టాడు.

డార్సీ చూశాడు. ఆ పాడు తుంటితోనే బెంచీ దాకా ఎలా పరుగెత్తాడో! కుర్రాళ్లు కూడా అంత వేగంగా రాలేరు. అతను బెంచీ ముందున్న అడ్డుకట్ట దాటాడో లేదో అతని బదులు దూకిన పిల్లాడు పోయి, గంట మోగబోతుండగా గోలు కొట్టాడు. లెక్క సమానమైంది. పక్కాయన నన్ను వాటేసుకున్నాడు. నేనూ ఎగిరాను. సమానమంటే ఆట పొడిగిస్తారు, మా ఆయన మళ్లీ వల దగ్గరికి వెళ్తాడు, ఈసారి షాటు రాక తప్పదు! డార్సీ అప్పటికే ముసుగు దించుకుని, ఒక కాలు కట్ట మీద వేశాడు.

లోపలి దారిలోంచి యూసో వచ్చాడు. పలక బిగించినంతసేపూ డాక్టరు వాడికి పరీక్షలు చేశాడట. ఏమీ లేదని పంపేశాడు. ఫ్లానిగన్ డార్సీ భుజం తట్టి ఏదో అన్నాడు. డార్సీ కాలు వెనక్కి తీసుకుని, తన కర్రతో యూసో ప్యాడ్లను, బాగా ఆడమన్నట్టు, రెండుసార్లు తట్టాడు. పొడిగించిన ఆటలో మనవాళ్లే గెలిచారు. యూసోను ఎత్తుకున్నారు.

కింద నడవాలో నిలబడ్డాను. డార్సీ సంచీతో వచ్చాడు.

"చూశావా?"

"చూశాను."

"తొందరగా వచ్చానట. కోచ్ మెచ్చుకున్నాడు. పొద్దున్నే తిరిగి మన టీముకి వెళ్లిపొమ్మన్నారు."

"సరే."

సంచీ కింద పెట్టాడు. "మధ్యలో వాడు కర్ర ఎత్తాడే, అప్పుడు... ఎడమ పక్కకే కొట్టేవాడు. వాడి భుజం చూస్తేనే తెలిసిపోయింది." వట్టి చెయ్యి గాల్లోకి చాపి, గుప్పిట మూశాడు. "ఇక్కడికొచ్చేది. ఆపేవాణ్ణి కదూ?"

ఓడిన ప్రతి రాత్రీ ఏదో ఒకటి చెప్పి అతన్ని ఇంటికి తెచ్చుకున్నదాన్ని. రాని షాటుకు ఏం చెప్పను? ఆపేవాడివే అన్నాను.

"కదూ?" అని మళ్లీ అడిగాడు.