స్వామికి ఆక్సిజన్ పెట్టిండ్రంట

లాక్‌డౌన్ ఎత్తేసిన మర్నాడే స్వామి ఎల్దుర్తిలో అక్క ఇంటి నుంచి బయలుదేరి మెదక్‌లో బస్సు దిగాడు. ఇన్నాళ్లూ మూతపడ్డ తన కటింగ్ షాపు తెరవాలన్న ఆత్రంతో ఆటో ఎక్కాడు. పక్కన కూర్చున్న నిర్మలమ్మ ఎరిగిన మనిషే. మాస్కు వల్ల, పెరిగిన జుట్టు వల్ల ఆమె అతన్ని గుర్తుపట్టలేదు.

"జుట్టు మస్తు పెరిగింది గదా తమ్మీ," అందామె. "కటింగ్‌కు స్వామి షాపుకు మాత్రం పోకు. పాపం, దవాఖానల ఆక్సిజన్ పెట్టిండ్రంట."

స్వామి గిర్రున ఆమె వైపు తిరిగాడు. "ఎవలు చెప్పిండ్రమ్మా?"

"మన బజారు వాట్సాప్ గ్రూపుల వచ్చింది. మొదలు మొబైల్ షాపు ఒవైస్ పెట్టిండు. నేనైతే రోజూ ప్రార్థన చేస్తున్న."

స్వామి మాస్కు కిందికి లాగాడు. నిర్మలమ్మ కెవ్వుమంది. మరుక్షణం "దేవా, స్తోత్రం!" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆటో నేరుగా ఒవైస్ షాపు ముందు ఆగింది. స్వామిని చూసి ఒవైస్ లేచి నిలబడ్డాడు. "అన్నా! నేను నీకు కరోనా వచ్చిందని, దువా చేయుండ్రని పెట్టిన, అంతే. దవాఖాన, ఆక్సిజన్ ఎవలు కలిపిండ్రో అల్లా కసమ్, నాకెర్కలేదు. నా పెండ్లికి కటింగ్ కావాలె, అన్న ఎప్పుడొస్తడని అడిగితే వదిననే గిట్ల రాసింది."

ఫోన్ చూపించాడు. 'మా ఆయన కరోనాతోని ఎల్దుర్తిల ఆగిపోయిండు.'

స్వామి వాట్సాప్ లేని తన చిన్న ఫోన్‌తో అక్కడి నుంచే భార్య సుమనకు కలిపి స్పీకర్ పెట్టాడు.

"బస్సులు బంద్ ఉన్నయని రాసిన గని, రోగమొచ్చిందని రాసిన్నా?" సుమన గయ్యిమంది. "పది రోజుల నుంచి మా గల్లీల ఒక్కలు గూడ నా మొఖం దిక్కు చూస్తలేరేందో అనుకుంటున్న!" అంటూనే ఆపుకోలేక పకపకా నవ్వింది. ఒవైస్ రెండు చెవులూ పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి వదినా. ఒక్క ఫోన్ కొట్టి అడగకపోతి."

అతను స్వామిని వీడియో తీసి గ్రూపులో పెట్టాక, స్వామి అదే ఫోన్ తీసుకుని తన గురించి వచ్చిన మెసేజ్‌లు ఒక్కొక్కటే చదివాడు. 'పానం గట్టిగ చేసుకొని రా అన్నా.' 'గాయన చెయ్యి పడితెనే తల తేలికైతది.' పదిహేనేళ్లుగా కత్తెర పట్టినా, ఈ మాటలు ఎదురుగా ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున షాపు ముందు మాస్కులతో, గుబురు తలలతో బజారు సగం నిలబడి ఉంది. ఎడం పాటిస్తూనే అందరూ ఒకేసారి పలకరిస్తున్నారు. స్వామి గుడ్డ దులిపి ఒవైస్ మెడకు చుట్టాడు.

"నవ్వకు పెండ్లికొడుకా, తల వంచు!"