పానకాలు కుడి భుజం

నేను ఒక రబ్బరు సంచిని. వేడినీళ్లు పోసి నొప్పి మీద పెట్టుకుంటారే, అదే. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, మంగళగిరిలో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో చాన్నాళ్లు పడున్నాను. రాజ్యలక్ష్మి నన్ను కొనుక్కెళ్లి భర్త పానకాలు కుడి భుజం మీద పెట్టింది.

పానకాలు గుంట మగ్గం నేసేవాడు. కుడిచేత్తో తాడు లాగితే దారపు కండె ఉన్న నాడె అటూ ఇటూ పరుగెత్తేది. ఆ వీధిలో కుడి భుజం నొప్పి లేని మగవాడు లేడు. ఉంటే వాడు సరిగ్గా నేయడం లేదని అనుమానించేవాళ్లు. అందుకే పానకాలు నొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తాడును ఎడంచేతికి మార్చుకున్నాడు. అయినా తగ్గలేదు. మగ్గం గుంటలోంచి లేవగానే నన్ను తెమ్మని అడిగేవాడు. నా వేడికి కాస్త తెరిపిన పడి, మర్నాడు మళ్లీ గుంటలో దిగేవాడు. ఆసుపత్రికి వెళ్దామని భార్య అంటే, సంచి పెడితే తగ్గుతోందిగా అనేవాడు. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

చెయ్యి పైకి లేవని రోజున పెద్దాసుపత్రికి బయల్దేరారు. దారిలో నొప్పి వస్తే పనికొస్తానని నన్నూ తీసుకెళ్లారు. స్కానింగులు చూసి డాక్టరు గొంతు తగ్గించాడు.

"ఇది భుజంలో పుట్టింది కాదమ్మా. లివర్‌లో పుట్టి ఎముకకి పాకింది."

ఈ క్యాన్సర్ లివర్ దాటితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుందట. కడుపులో ఏ బాధా లేకుండా ముందు భుజం ఎముకలో బయటపడటం అరుదట. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని అడిగాడు. కుర్రతనంలో వచ్చాయి. పసరు తాగించారు, కళ్లు తెల్లబడ్డాయి, అంతటితో అందరూ మర్చిపోయారు. ఆ కామెర్లు తెచ్చిన వైరస్ మాత్రం లోపలే ఉండిపోయి, ఇన్నేళ్లూ లివర్‌ని పాడుచేసి ఉంటుందన్నాడు.

ముందే వస్తే బతికేవాడా అని రాజ్యలక్ష్మి అడిగింది. ఇంకొంత కాలం దొరికేదేమో అన్నాడు డాక్టరు. ఆ కొంత కాలాన్ని తినేసింది నేనే.

పానకాలు పోయిన ఏడాదికి పక్కింటి గుర్నాథం వచ్చాడు. భుజం లాగేస్తోంది వదినా, ఆ సంచి ఒకసారి ఇవ్వమన్నాడు. రాజ్యలక్ష్మి నన్ను తెచ్చి, అతని కళ్లముందే నూలు కత్తెరతో అడ్డంగా కోసేసింది.

"ఇది పెడితే నొప్పి తగ్గుద్ది. తగ్గితే నువ్వు ఆసుపత్రికి పోవు. నడువు."

ఆమే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. నేను అరుగు పక్కన చెత్తబుట్టలో పడ్డాను. కోసినందుకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి ఇద్దరూ తిరిగొచ్చారు. గుర్నాథానిది ఉత్త కండరాల నొప్పేనట. అతను నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. రాజ్యలక్ష్మి అరుగు మీదే కూలబడింది.

"ఒక్క పూట పని," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఒక్క పూట."