మునెమ్మ తాడు, మీనంబాకం దోవ

రేణిగుంట దాటి పుత్తూరు పొయ్యే రోడ్డు పక్కన మునెమ్మ పొద్దున్నే కిత్తనార తాడు పేనతా కూసుంటాది. మొగుడు పెంచలయ్య నార నానబెట్టి ఇస్తాండె. ఆమె తాడు మడిచి ముడేస్తే దోవ మడుసుకుని దూరం తగ్గిపోతాది. పాము కరిచినోళ్ళయినా, నొప్పులొచ్చిన ఆడబిడ్డయినా, "మునెమ్మక్కా, ఒక ముడెయ్యి" అని చెప్పే బండెక్కుతారు. అయితే మడిచిన దోవ ఊరికే పోదు. ఆ మిగులు ఇంకొకరి దోవలో కలవాల. మునెమ్మ దాన్ని తన నీళ్ళ దోవలోనే కలుపుకొనేది. ఎదురుగా కనపడే బోరింగుకు బిందెత్తుకుని పోతే మద్దేనానికి గాని తిరిగి రాదు.

"ఏమే, బోరింగు మద్రాసులో ఉండాదా?" అని పెంచలయ్య ఎగతాళి చేస్తాండె.

కాంట్రాక్టరు పరంధామయ్య నెలకు రెండు తూర్లు హైదరాబాదు విమానంలో రేణిగుంటలో దిగి, కారులో మద్రాసు మీనంబాకం పొయ్యి, ఆడ ఇంకో విమానం ఎక్కేవాడు. రెండు విమానాల నడుమ నూటా నలభై కిలోమీటర్లు, మూడు గంటలు.

పోయినేడు ఎండాకాలం పెంచలయ్య గుండె పట్టుకుని కూలబడినాడు. రోడ్డు మీద ఉండేది పరంధామయ్య కారొకటే. మునెమ్మ అడ్డం పొయ్యి నిలబడింది.

"తిరపతి ఆస్పత్రి దాకా అయ్యా. ముడేస్తా, రెండు నిమిషాల్లో పోతావు."

"ముడేసి, ఆ మిగులంతా నా దోవలో కలపాలనా? నీ సంగతి నాకు తెలీదా? నా విమానం పోతాది, జరుగు."

అద్దం ఎత్తుకుని పోయినాడు. పది మూరల తాడు పేనేంత సేపుండి పెంచలయ్య పానం పోయింది.

ఆ పొద్దు నుంచి మునెమ్మ నిమిషంలో నీళ్ళు తెస్తాండాది. ఎవురికి ముడేసినా మిగులు పరంధామయ్య దోవలోనే. ఆయన మూడు గంటలు ఐదయినాయి, ఏడయినాయి. ఎక్కాల్సిన విమానాలు ఎగిరిపోతానే ఉండాయి.

మొన్న ఆయనే కారు దిగి ఆమె ముందర నిలబడినాడు.

"అక్కా, మా యమ్మ బొంబాయిలో చెల్లెలింట్లో మంచం పట్టింది. ఈ పొద్దు విమానంలో మీనంబాకం వస్తాండాది. ఇంగ ఎక్కువ సేపుండదంట. నన్ను సూడాలంటాండాది. ఈ ఒక్క తూరి ముడెయ్యి."

"పోప్పా, ఏస్తా," అనింది మునెమ్మ.

ఎవురి దోవకో ఆయన అడగలా.

వక్కాకు నమిలేంత సేపటికి మీనంబాకం నుంచి టాక్సీ వచ్చి ఆమె కొట్టం కాడ నిలబడింది. ఎనక సీట్లో పరంధామయ్య తల్లి శకుంతలమ్మ, విమానం దిగి కొడుకు కోసం ఆగకుండా తనే బయలుదేరినాదంట. నీళ్ళు కావాలని డ్రైవరు దిగినాడు. మునెమ్మ పెంచలయ్య చెంబుతోనే నీళ్ళు పట్టింది, ముసలామె తలకాయ ఒళ్ళో పెట్టుకుని.

"మా వోడు రాలేదా?"

"అదో తల్లీ, ఆ కారులో ఉండాడు."

కొంచెం ముందర మామిడితోపు కాడ పరంధామయ్య కారు కనపడతానే ఉండాది. తల్లి దోవ మిగులంతా ఆయన దోవలో కలిసి, చక్రాలు తిరగతాండాయి, కారు మాత్రం కదల్లా. ఆయన ముందుకే సూస్తాండాడు.

ముసలామె ఆ కారు మిందే సూపు పెట్టుకోనుండాది. మునెమ్మ చెయ్యి ముడి మీదకు పోయింది. ఆడే ఆగింది. శకుంతలమ్మ కండ్లు తెరుసుకోనుండంగానే పోయింది.

మునెమ్మ ఆ కండ్లు మూసి, తాడు పేనను కూసుంది. పేనడం అయినాక ముడి విప్పింది. డ్రైవరు పరిగెత్తి ఆయన్ను పిలుసుకొచ్చినాడు.

పరంధామయ్య తల్లి కాళ్ళ కాడ కూలబడినాడు.

"ఎంత సేపయింది?"

మునెమ్మ కొత్త తాడు తెచ్చి ఆయన ముందర పరిచింది.

"కొలుసుకోప్పా. పది మూరలు."